ముందు తాళం చెవి

అమెరికా సైన్యంలో ఐదేళ్లు పనిచేసి 2014లో బయటికొచ్చాను. 2020 చివరికొచ్చేసరికి హ్యూస్టన్‌లో నాకు ఇల్లు లేదు. ఆ చలికాలం పాత కరోలా కారులో పడుకున్నాను. మళ్లీ ఇల్లు ఎలా దొరికిందో, దొరికాక అందులో నిలబడడానికి ఏమేం కావలసి వచ్చిందో రాస్తున్నాను. అమెరికాలో ఆ యూనిఫాం వేసుకున్న తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరికైనా ఇది చేరాలి.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ తిరుమలగిరిలో, కంటోన్మెంట్ పక్కన. హిందీని బడిలో కన్నా వీధిలోనే ఎక్కువ నేర్చుకున్నాను. ఆ హిందీయే నన్ను అమెరికా సైన్యంలో చేర్చింది. ఎమ్మెస్ కోసం వచ్చి వీసా మీద ఉన్న రోజుల్లో, 2009లో, మావ్నీ అనే పథకం మొదలైంది. గ్రీన్‌కార్డు లేకపోయినా, చట్టబద్ధంగా రెండేళ్లుగా దేశంలో ఉంటూ, సైన్యానికి అవసరమైన భాషల్లో ఒకటి వచ్చినవాళ్లను అందులో తీసుకునేవారు. సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ప్రాథమిక శిక్షణ ముగిసేసరికే పౌరసత్వం చేతికొచ్చింది. 2016లో ఆ దారి మూసేశారు. పౌరసత్వం కోసమే వెళ్లాడని మనవాళ్లు అనుకున్నారు. అదీ ఉంది. కానీ పొద్దున్నే మా వీధిలో పరుగెత్తే జవాన్లను చూసి పెరిగినవాడికి ఇంకో కోరిక కూడా ఉంటుంది.

నాది ఇంధన సరఫరా. ట్యాంకర్లు నింపడం, లెక్క రాయడం, కాన్వాయ్‌తో వెళ్లి అప్పగించి రావడం. 2012లో కాందహార్‌లో ఉన్నాను. రాత్రిళ్లు క్యాంపు మీద రాకెట్లు పడేవి. సైరన్ మోగగానే ఎక్కడున్నవాళ్లం అక్కడే బోర్లా పడుకోవాలి. ఒకరోజు కాన్వాయ్‌లో నా ముందు బండి పేలింది. అందులో ఉన్న ఇద్దరూ నాకు తెలిసినవాళ్లు. ఇంతకన్నా రాయలేను. నడుము మాత్రం యుద్ధంలో పోలేదు. బరువైన గొట్టాలు లాగీ లాగీ, తిరిగొచ్చాక టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ఒక పొద్దున వంగినవాణ్ని లేవలేకపోయాను.

నాన్న రైల్వేలో గార్డుగా చేశారు. కొలువంటే క్వార్టరు, పాసు, రిటైరయ్యాక పెన్షను. మా వీధిలో పదిహేనేళ్లు చేసి వచ్చిన జవాన్లకు పెన్షనూ క్యాంటీన్ కార్డూ ఉండేవి. నేను సైన్యం వదిలేశానని చెప్పినప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, "పెన్షన్ ఎంతొస్తుంది నాన్నా?" అని. అమెరికా సైన్యంలో ఇరవై ఏళ్లు చేస్తేగాని ఆ పెన్షన్ లేదు. ఐదేళ్లు చేసినవాడికి చదువుకు డబ్బు, వైద్యం, ఇంటి అప్పుకు హామీ ఉంటాయి. సైన్యంలో ఉండగా ఒంటికో మనసుకో దెబ్బ తగిలిందని, మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ శాఖ ఒప్పుకుంటేనే నెలనెలా చేతికి డబ్బు వస్తుంది. అమ్మకు ఇదంతా చెప్పలేదు. "వస్తుందిలే అమ్మా" అన్నాను.

పెళ్లి నిలబడలేదు. దాని గురించి ఇక్కడ రాయను, ఆ కథలో సగం ఆమెది. నిద్రలో అరిచే మనిషి పక్కన ఏళ్ల తరబడి పడుకోవడం ఎవరికైనా కష్టమేనని మాత్రం చెప్తాను. చమురు బావుల సామాన్లు పంపే ఒక గోదాములో ఉద్యోగం ఉండేది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నాకన్నా కిందికి పడిపోయింది. ఎవరూ ఎప్పుడూ చూడని సంగతి. కోవిడ్ ఒకవైపు, ఇది ఒకవైపు. హ్యూస్టన్‌లో ఎందరి ఉద్యోగాలు పోయాయో, నాదీ వాటిలో పోయింది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేశాను. సామాన్లు, కాగితాలు అద్దె గోదాము గదిలో పెట్టాను. తర్వాత దాని అద్దే కట్టలేకపోయాను. వాళ్లు తాళం వేసుకున్నారు.

కొన్నాళ్లు ఒక తెలుగు మిత్రుడి ఇంట్లో సోఫా మీద పడుకున్నాను. మంచివాడు. పొమ్మని ఒక్కసారీ అనలేదు. కానీ ఆయన భార్యకు నెలలు నిండుతున్నాయి, ఉన్నవి రెండు గదులు. వేరే ఊళ్లో పని దొరికిందని చెప్పి బయటికొచ్చాను. అమెరికాలో ఏటా జనవరి ఆఖరి రోజుల్లో ఒక రాత్రి ఇల్లు లేనివాళ్లను లెక్కపెడతారు. ఆశ్రయాల్లో, వీధుల్లో, వంతెనల కింద, కార్లలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. ఇంకొకరి సోఫా మీద ఉన్నవాడు రాడు. సోఫా మీద ఉన్నన్నాళ్లూ నేను లెక్కలో లేను. కారులోకి మారాకే లెక్కలోకి వచ్చాను. మనవాళ్లలో ఇల్లు పోయినవాడు ముందు వెళ్లేది బంధువు ఇంటికో, ఊరివాడి ఇంటికో. అందుకే మన కష్టం ఆ అంకెల్లో కనబడదు.

కారులో ముందు సీటు వెనక్కి వాల్చి పడుకుంటే నడుము పట్టేస్తుంది. వెనక సీటులో ముడుచుకుంటే కాళ్లు పట్టేస్తాయి. అద్దాలకు లోపల ఆవిరి పడితే బయటివాళ్లకు మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది, అందుకని చలిలో కూడా అద్దం కాస్త దించి ఉంచాలి. రాత్రి ఎవరైనా అద్దం మీద కొడితే నేను ఇక్కడ ఉండేవాణ్ని కాదు, కాందహార్‌లో ఉండేవాణ్ని. నెలకు పది డాలర్ల జిమ్‌లో సభ్యత్వం ఉంచుకున్నాను, స్నానానికి. రోజూ గడ్డం గీసుకునేవాణ్ని. చొక్కా నలగకుండా హ్యాంగరుకు తగిలించి కారు కిటికీ పక్కన వేలాడదీసేవాణ్ని. చూసినవాళ్లెవరూ ఇతనికి ఇల్లు లేదనుకోరు. అనుకోకూడదనే నా తాపత్రయమంతా.

ఆదివారం అమ్మతో వీడియో కాల్. "ఎప్పుడు చూసినా కారులోనే ఉంటావేంట్రా" అని అక్క అడిగింది. పని మీద తిరుగుతున్నానన్నాను. అమ్మకు కావలసింది నేను తిన్నానా లేదా అని. తిన్నానని చెప్పేవాణ్ని, కొన్నిసార్లు నిజంగానే. పేర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లి చివర్లో కూర్చునేవాణ్ని. తెలుగువాళ్లెవరైనా కనిపిస్తే మొదట "మీదేవూరండీ?" అంటారు, సికింద్రాబాద్ అని చెప్పేవాణ్ని. తర్వాతి ప్రశ్న "ఇక్కడ ఎక్కడుంటున్నారు?" అది రాకముందే లేచి చెప్పుల దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని.

సాయం అడగలేదా అంటే, అడిగాను. ఒక కార్యాలయానికి వెళితే డీడీ-214 తెమ్మన్నారు. సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే కాగితం అది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశావు, ఎలాంటి పేరుతో బయటికొచ్చావు అన్నీ అందులో ఉంటాయి. నాది తాళం పడిన గోదాము గదిలో ఉంది. నకలు కావాలంటే సెయింట్ లూయిస్‌లో ఉన్న జాతీయ రికార్డుల కేంద్రానికి రాయాలి. కోవిడ్‌తో అక్కడ లక్షల అర్జీలు పేరుకుపోయి ఉన్నాయి. పైగా జవాబు ఏ చిరునామాకు రావాలి? కౌంటర్ వెనక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కాగితం తెచ్చుకుని మళ్లీ రమ్మంది. మళ్లీ వెళ్లలేదు. గోడమీద పోస్టరులో గడ్డం పెరిగిన ముసలి తెల్లాయన, చేతిలో అట్టముక్క. ఇల్లులేని వెటరన్ అంటే ఆయనే అనిపించింది, నేను కాదనిపించింది.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను కమ్మింది. హ్యూస్టన్‌లో ఉష్ణోగ్రత సెల్సియస్‌లో మైనస్ పదికి పడిపోయింది. లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. చలి కాచుకోవడానికి గ్యారేజీలో కారు నడిపి, ఆ పొగకు ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. నేను ఇంజిన్ కాసేపు నడిపి, కాసేపు ఆపి, పెట్రోలు ముల్లు చూసుకుంటూ కూర్చున్నాను. బంకుల్లోనూ కరెంటు లేదు. సైన్యంలో నేను చేసిన పని అందరికీ ఇంధనం అందేలా చూడడం. తెల్లవారేసరికి కాళ్ల వేళ్లకు స్పర్శ లేదు. గ్యాలరీ ఫర్నిచర్ అనే పెద్ద దుకాణంవాళ్లు తలుపులు తీసి ఎవరైనా వచ్చి ఉండొచ్చంటున్నారని రేడియోలో విన్నాను. 2017లో హార్వీ తుపాను వరదల్లో కూడా వాళ్లు అలాగే జనానికి చోటిచ్చారు. ఉన్న పెట్రోలుతో అక్కడికి చేరాను.

అమ్మకానికి పెట్టిన సోఫాల మీద, పరుపుల మీద మనుషులు పడుకుని ఉన్నారు. నా పక్కన పిల్లలతో ఒక కుటుంబం. వాళ్లకు ఇల్లుంది, అందులో వేడి లేదు. ఆ రాత్రి ఎవరూ ఎవర్నీ ఎక్కడుంటున్నారని అడగలేదు. పొద్దున ఒక పెద్దాయన, నల్లజాతివాడు, డెబ్బై దాటి ఉంటాడు, నా తల కింద ఉన్న ఆర్మీ సంచి చూసి ఆగాడు. "ఏ యూనిట్?" అన్నాడు. నీ సమస్యేంటి అనలేదు. యూనిట్ చెప్పాను. ఆయన వియత్నాంలో చేశాడు. తిరిగొచ్చాక చాన్నాళ్లు తానూ బయటే పడుకున్నాడు. ఇప్పుడు నాలాంటివాళ్లను వెతికి పట్టుకోవడమే ఆయన పని. "తుపాను తగ్గాక ఎక్కడికెళ్తావు?" అని అడిగితే, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఒక మనిషికి నిజం చెప్పాను.

కాగితం లేదన్నాను. అక్కర్లేదన్నాడు. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే చాలు, సేవా సంస్థలు చూసుకోవడానికి వెటరన్స్ శాఖ స్క్వేర్స్ అనే వ్యవస్థ పెట్టింది, అర్హత ఉందో లేదో అందులోనే తెలిసిపోతుంది. ఆ పని నా ఎదురుగానే అయిపోయింది. కౌంటర్ దగ్గరినుంచి నన్ను తిప్పి పంపిన ఆ ఒక్క కాగితం నిజానికి అడ్డే కాదు. ఈ సంగతి తెలియక ఎంతమంది ఇంకా కార్లలో ఉన్నారో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

వారంలోపే నన్ను ఒక మోటెల్ గదిలో ఉంచారు. డబ్బు ఎస్‌ఎస్‌వీఎఫ్ అనే పథకానిది. వెటరన్స్ శాఖ స్వచ్ఛంద సంస్థలకు నిధులిస్తుంది, వాళ్లు అద్దె బకాయిలు తీర్చడం, అడ్వాన్సు కట్టడం, ఇల్లు వెతికి పెట్టడం లాంటివి చేస్తారు. కోవిడ్ కాలంలో ఆ డబ్బుతో మోటెల్ గదులు కూడా ఇచ్చారు. పక్క గదిలో ఇరాక్‌లో చేసి వచ్చినవాడు ఉండేవాడు. తాగి గొడవపడ్డాడని సైన్యం అతన్ని మంచి పేరు ఇవ్వకుండా పంపేసింది. అలాంటివాళ్లకు వెటరన్స్ ఆసుపత్రి తలుపు చాలాసార్లు తెరుచుకోదు. ఇళ్ల పథకాల దగ్గర మాత్రం ఈ మధ్య చట్టాలు కొంత సడలాయి. కోర్ట్ మార్షల్‌లో డిజానరబుల్, అంటే అగౌరవంగా బయటికి పంపే శిక్ష పడినవాళ్లు తప్ప మిగతావాళ్లలో చాలామందికి ఇప్పుడు అవకాశం ఉంది. యుద్ధంలో చెడిన మనసు చేయించిన పనికి మనిషిని జీవితాంతం వీధిలో ఉంచడం నా దృష్టిలో అన్యాయం. అతనికి నాకన్నా ముందే ఇల్లు రావలసింది. తర్వాత వచ్చింది.

అసలు ఆసరా వాష్ అనే పథకం. 1992లో చిన్నగా మొదలై, 2008 నుంచి పెద్దదైంది. ఇందులో రెండు చేతులున్నాయి. ఒకటి గృహనిర్మాణ శాఖది, అద్దె వోచరు. మన ఆదాయంలో దాదాపు ముప్పై శాతం మనం కడతాం, మిగతా అద్దె స్థానిక గృహ సంస్థ నేరుగా యజమానికి కడుతుంది. ఆదాయం లేనప్పుడు నా వాటా ఇంచుమించు సున్నా. రెండోది వెటరన్స్ శాఖది, ఒక సోషల్ వర్కర్. ఇల్లు దొరికేదాకానే కాదు, దొరికాక కూడా ఆమె వస్తూనే ఉంటుంది. తాగుడు మాను, మందులు వేసుకో, ఉద్యోగం చూపించు, అప్పుడు ఇల్లిస్తాం అనేది పాత పద్ధతి. నా వంతు వచ్చేసరికి ముందు తాళం చెవి చేతిలో పెట్టే పద్ధతి వచ్చింది, మిగతావి ఇంట్లో కూర్చుని చూసుకుందాం అనేవారు. దీన్ని మెతకతనం అనేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. రాత్రంతా ఎవరు అద్దం కొడతారోనని మేలుకుని ఉండేవాడికి ఏ డాక్టరూ నిద్ర నేర్పలేడు.

వోచరు చేతికొచ్చినంత మాత్రాన ఇల్లు వచ్చినట్టు కాదు. వెతుక్కోవడానికి కనీసం 120 రోజుల గడువిస్తారు. టెక్సస్‌లో వోచరు ఉన్నవాళ్లకు ఇల్లు ఇవ్వనని చెప్పే హక్కు చాలాచోట్ల యజమానికి ఉంది. కొందరు ఫోనులోనే వద్దన్నారు. కొందరు క్రెడిట్ చరిత్ర చూసి వద్దన్నారు. వోచరంటేనే మాట తడబడి, రేపు చెప్తామని మళ్లీ ఫోను ఎత్తనివాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. చివరికి నగరానికి నైరుతి దిక్కున ఏలీఫ్ ప్రాంతంలో ఒక వియత్నామీ పెద్దావిడ ఒప్పుకుంది. ఆవిడ భర్త దక్షిణ వియత్నాం సైన్యంలో చేసినవాడట. గృహ సంస్థ నుంచి ఇంటి తనిఖీకి వచ్చినవాళ్లు పొగ అలారం పనిచేయడం లేదని ఒకసారి ఆపితే, ఆవిడే వెళ్లి కొనుక్కొచ్చి పెట్టించింది. అడ్వాన్సు ఎస్‌ఎస్‌వీఎఫ్ కట్టింది. ఒక ధర్మసంస్థ మంచం, బల్ల ఇచ్చింది. కుక్కరు నేను కొనుక్కున్నాను.

ఇల్లొచ్చాక అంతా సర్దుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చాలా రాత్రులు మంచం మీద పడుకోలేకపోయాను. తలుపు పక్కన నేల మీద, బూట్లు విప్పకుండా పడుకునేవాణ్ని. కుక్కర్ విజిల్ వేస్తే బోర్లా పడిపోయాను. చిన్నప్పటినుంచీ విన్న చప్పుడే అది. ఒకసారి వెళ్లి మళ్లీ కారులో పడుకున్నాను, అక్కడ నిద్ర పట్టింది. సోషల్ వర్కర్‌కు చెబితే ఆశ్చర్యపోలేదు. చాలామంది అలాగే చేస్తారంది, కొందరు తిరిగి రారంది. అందుకే తాను వస్తూ ఉంటానంది. ఆమె వచ్చి చేసినవి చూస్తే చిన్నవే. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో చూపించింది. మైకేల్ డిబేకీ పేరు మీదున్న వెటరన్స్ ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి మొదటిసారి తనే తీసుకెళ్లి బయట కూర్చుంది. వైకల్య పరిహారానికి అర్జీ పెట్టించింది. ఆ అర్జీలు ఉచితంగా రాసిపెట్టే గుర్తింపు పొందిన ప్రతినిధులు మాజీ సైనికుల సంఘాల్లో ఉంటారు, వచ్చే డబ్బులో వాటా అడిగే దళారుల దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. నాకు డెబ్బై శాతం వైకల్యం నిర్ధారించారు. ఒంటరి మనిషికి అది ఇప్పుడు నెలకు 1,700 డాలర్లు దాటి వస్తుంది. దాంతో నా అద్దె వాటా పెరిగింది. ఆ పెరిగిన అద్దె కట్టిన రోజు నాకు తృప్తిగా ఉంది.

ఇదంతా ఒక్క మంచి మనిషి దయ వల్ల జరిగిందనుకోకూడదు. 2010లో ఒక్క రాత్రి లెక్కలో 74 వేలకు పైగా మాజీ సైనికులు ఇల్లు లేకుండా ఉన్నారు. 2024లో ఆ అంకె 32,882. ఆ మధ్యకాలంలో దేశం మొత్తంలో ఇల్లులేనివాళ్లు పెరిగినా, వీళ్లు సగానికి పైగా తగ్గారు. డబ్బు పెట్టారు, వోచర్లు ఇచ్చారు, పేరుపేరునా జాబితా రాసుకుని వెంటపడ్డారు, తగ్గింది. హ్యూస్టన్ ఆ పనిలో ముందున్న ఊరు. వెటరన్లలో ఇల్లులేనితనాన్ని అంతం చేశామని 2015లోనే ప్రకటించింది. ఆ మాటకు అర్థం ఒక్కరూ మిగల్లేదని కాదు, కొత్తగా ఎవరికైనా ఇల్లు పోతే వెంటనే చోటు చూపించగలమని. నన్ను కనుక్కోవడం ఆలస్యమైంది గానీ కనుక్కున్నాక ఆ మాట నిలబెట్టుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో ఇంకో కథ ఉంది. అక్కడ సైనికుల ఆశ్రమం కోసమని 1888లో దానమిచ్చిన భూమి ఇప్పటికీ 388 ఎకరాలుంది. అందులో కొంత ఒక ప్రైవేటు బడికి, ఒక విశ్వవిద్యాలయం బేస్‌బాల్ మైదానానికి లీజుకిచ్చారు. ఆ భూమి బయట కాలిబాట మీద వెటరన్లు గుడారాల్లో ఉండేవారు. 2024లో ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ కార్టర్ ఆ లీజులు చెల్లవన్నారు. సైనికుడికిచ్చిన భూమిలో సైనికుడు పడుకోవడానికి కోర్టు తీర్పు కావలసి వచ్చింది. అది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు.

ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఏడాది పైగా పట్టింది. వోచరు అంటే ఏమిటో, అద్దె ఎవరు కడతారో అంతా విన్నాక నాన్న, "క్వార్టర్ ఇచ్చారన్నమాట" అన్నారు. అమ్మ ఏడ్చింది. కారులో పడుకున్నందుకు కాదు, తిన్నానని అబద్ధం చెప్పినందుకు. నన్ను సోఫా మీద ఉంచుకున్న మిత్రుడికి కూడా చెప్పాను. ఆయన కూతురు ఇప్పుడు బడికెళ్తోంది.

అమెరికాలో మీకు తెలిసినవాళ్లు, మావ్నీలో వెళ్లినవాళ్లు గానీ అక్కడే పుట్టి చేరినవాళ్లు గానీ, ఎవరైనా సైన్యంలో చేసి వచ్చి ఉంటే, వాళ్లు ఈ మధ్య కనిపించడం మానేస్తే, పండక్కి పిలిచినా రాకపోతే, ఒకసారి వెళ్లి చూడండి. ఇల్లు అద్దెకిచ్చే తెలుగువాళ్లు వోచరు చూసి వెనక్కి తగ్గకండి, నెలనెలా అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కడుతుంది. ఇల్లు పోయిన వెటరన్లు, పోబోతున్నవాళ్లు చేయవలసిన ఫోన్ నంబరు 877-424-3838. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు తీసుకోరు. బతకాలని లేదనిపిస్తే 988 నొక్కి, తర్వాత 1 నొక్కండి. డీడీ-214 దగ్గర లేకపోయినా ఫోన్ చేయండి.